ఇల్లు, ప్లాటు, పొలం అన్నీ ట్రస్టులో పెట్టమంటున్నారు, పెట్టాలా?

నయీంనగర్_లెక్చరర్ | ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. హన్మకొండలో డిగ్రీ లెక్చరర్‌గా రిటైరై ఎనిమిదేళ్లయింది. పోయిన వారం ఒక హోటల్లో వారసత్వ ప్రణాళిక మీద మీటింగు ఉందంటే వెళ్లాను. భోజనం బాగానే పెట్టారు. మూడు గంటల్లో చెప్పింది మాత్రం ఒక్కటే. ఆస్తులన్నీ ఫ్యామిలీ ట్రస్టు పేరు మీదికి మారిస్తే ఇప్పుడు మనకు, రేపు పిల్లలకు పన్ను ఉండదట. వారసత్వ పన్ను మళ్లీ రాబోతోందట, అప్పుడు ఏడ్చి లాభం లేదట. డీడు రాసి రిజిస్ట్రేషన్ చేయించడానికి ఫీజు లక్షన్నర. నెలాఖరులోపు అయితే లక్షా పది వేలు. ఆషాఢం డిస్కౌంటు లాగా.

నాకున్నది చెప్తాను. నయీంనగర్‌లో ఇల్లు, కింద రెండు మడిగెలు (దుకాణాలు), అద్దె నెలకు 40 వేలు. మడికొండ దగ్గర 1998లో కొన్న ప్లాటు. వర్ధన్నపేట వైపు నాలుగెకరాలు, మా బాపు నుంచి వచ్చింది. పెన్షన్ 70 వేలు. ఎఫ్‌డీల మీద ఏడాదికి 60 వేలు వడ్డీ. అమ్మాయి హైదరాబాద్‌లో, అబ్బాయి అమెరికాలో.

ట్రస్టు పెట్టిన వాళ్లెవరైనా ఉంటే చెప్పగలరు.

---

పత్తి_వ్యాపారి | ఆదివారం రాత్రి 9:32

సార్, మా బావమరిది వాళ్లకు స్కూల్ ట్రస్టు ఉంది. రూపాయి పన్ను కట్టరు. కళ్లు మూసుకుని పెట్టేయండి.

---

సుబేదారి_ఆడిటర్ | ఆదివారం రాత్రి 10:05

పత్తి_వ్యాపారి గారూ, మీరు చెప్పేది ధర్మాదాయ ట్రస్టు. దాని ఆదాయం ప్రజల కోసం ఖర్చు పెట్టాలి కాబట్టి పన్ను మినహాయింపు. ఆ డబ్బు ఇంట్లోవాళ్ల జేబులోకి పోయిందని తేలితే మినహాయింపుకే ఎసరు వస్తుంది. సార్ అడిగేది కుటుంబం కోసం పెట్టే ప్రైవేటు ట్రస్టు. అది 1882 నాటి ట్రస్టుల చట్టం కిందికి వస్తుంది. రెండింటికీ పేరు ఒకటే గానీ దారులు వేరు.

లెక్చరర్ సార్, మీ లెక్క కాగితం మీద వేసి చూశాను. పెన్షన్ ఏడాదికి 8,40,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 7,65,000. అద్దె 4,80,000లో 30 శాతం మరమ్మతుల కింద చట్టమే తీసేస్తుంది, మిగిలేది 3,36,000. వడ్డీ 60,000. మొత్తం 11,61,000. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కదా, అంటే ఇవాళ మీరు కట్టాల్సిన పన్ను సున్నా. సున్నాను తగ్గించడానికి లక్షన్నర ఫీజా?

ఇక వాళ్లు చెప్పినట్టు ట్రస్టు పెట్టి, ఎవరికి ఎంతివ్వాలో ట్రస్టీల (ట్రస్టు ఆస్తిని చూసేవాళ్ల) ఇష్టం అని రాశారనుకోండి. వాటాలు తేలని అలాంటి ట్రస్టుకు స్లాబులు ఉండవు. మొదటి రూపాయి నుంచే గరిష్ఠ రేటు, 30 శాతం మీద 4 శాతం సెస్సు. మడిగెల అద్దె ఒక్కదాని మీదే 3,36,000కు 31.2 శాతం, అంటే లక్షా ఐదు వేలు. దీని మీద కోటీశ్వరులకు వేసే సర్‌చార్జీ కూడా వేయాలని డిపార్ట్‌మెంటు వాదించింది. ఆదాయాన్ని బట్టే సర్‌చార్జీ అని ముంబైలో ట్రిబ్యునల్ ప్రత్యేక బెంచ్ 2025లో చెప్పింది కాబట్టి కొంత నయం.

ఎవరి వాటా ఎంతో డీడులో స్పష్టంగా రాస్తే సంగతి వేరు. అప్పుడు ట్రస్టీ కట్టే పన్ను ఆ లబ్ధిదారు కట్టే పన్నులాగే ఉంటుంది, స్లాబులతో సహా. కానీ దానికోసం ట్రస్టు ఎందుకు, నేరుగా గిఫ్టు ఇస్తే సరిపోతుంది.

---

డల్లాస్_టు_కాజీపేట | సోమవారం ఉదయం 6:48

నేను కాజీపేటవాణ్ని, పదిహేనేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నా. ఈ ట్రస్టు పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇక్కడ ఇల్లున్న ప్రతివాడూ లివింగ్ ట్రస్టు అంటాడు. ఎందుకంటే మనిషి పోయాక ఆస్తి కోర్టు ద్వారా మారాలి, దానికి నెలలు పడుతుంది, ఖర్చూ ఉంటుంది. పెద్ద ఆస్తులకు ఎస్టేట్ ట్యాక్స్ కూడా ఉంది. ఆ వీడియోలు మనవాళ్లు తెలుగులోకి దించి హన్మకొండలో చూపిస్తున్నారు. మనకు ఆ పన్నూ లేదు, ఆ కోర్టు తిప్పలూ లేవు.

పైగా మీ అబ్బాయికి గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే ఇంకో తలనొప్పి. ఇండియా ట్రస్టు ఇక్కడి వాళ్లకు విదేశీ ట్రస్టు. దాని నుంచి ఒక్క డాలరు అందుకున్నా 3520 ఫారం నింపాలి. మర్చిపోతే జరిమానా 10 వేల డాలర్లు లేదా అందుకున్న దాంట్లో 35 శాతం, ఏది ఎక్కువైతే అది. నాన్న దగ్గర నుంచి నేరుగా గిఫ్టు వస్తే ఏడాదికి లక్ష డాలర్లు దాటినప్పుడే చెప్పాలి, దాని మీద పన్ను కూడా లేదు. మా ఆఫీసులో ఒకాయనకు వాళ్ల మామగారు ప్రేమగా ట్రస్టు పెట్టారు. ఆ ఫారాలు నింపే సీపీఏకు (అక్కడి ఆడిటర్‌కు) ఏటా ఫీజు కడుతూ మామగారిని తలుచుకుంటుంటాడు.

---

కోర్టు_మెట్లు | సోమవారం ఉదయం 8:20

వారసత్వ పన్ను వస్తుందనే బెదిరింపు మీద నాలుగు ముక్కలు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1953 నుంచి ఉండేది, పెద్ద ఆస్తుల మీద 85 శాతం దాకా పోయేది. వసూలయ్యేది తక్కువ, కేసులు ఎక్కువ అని 1985లో ఎత్తేశారు. గిఫ్టు ట్యాక్స్ 1998లో పోయింది. వెల్త్ ట్యాక్స్‌ను 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. రేపు మళ్లీ తెస్తే ట్రస్టులను వదిలేస్తారని ఎవరు హామీ ఇచ్చారు? రాని పన్నుకు ఇప్పుడే డీడు రాయడమంటే వాన రాకముందే కట్ట వేయడం కాదు, చెరువు లేనిచోట తూము కట్టడం.

విల్లు ద్వారా వచ్చిన ఆస్తి మీద పిల్లలకు ఆదాయపన్ను లేదు. కొడుకు, కూతురు, కోడలు, అల్లుడు, తోబుట్టువు, వీళ్లకిచ్చే గిఫ్టు మీదా లేదు. విల్లుకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు (చేయించుకుంటే మంచిది). మన దగ్గర ప్రొబేట్ (విల్లును కోర్టులో రుజువు చేయించడం) కూడా తప్పనిసరి కాదు. ట్రస్టు అయితే, బతికుండగా స్థిరాస్తి పెట్టాలంటే రాసి రిజిస్టర్ చేయాల్సిందే, లేకపోతే చెల్లదు. అమ్మకానికి మన రాష్ట్రంలో అన్నీ కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. కుటుంబంలో గిఫ్టుకు రాయితీ ఉంది. ట్రస్టుకు ఏ లెక్క వేస్తారో డీడు చూపించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగాలి. మీటింగులో ఈ ముచ్చట ఎవరూ ఎత్తి ఉండరు.

ఇంకో మాట. మీ నాలుగెకరాలు మీ బాపుకు ఎట్లా వచ్చాయి? ఆయన సంపాదించినవా, తాత ముత్తాతల నుంచి పంచుకోగా వచ్చినవా?

---

నయీంనగర్_లెక్చరర్ | సోమవారం మధ్యాహ్నం 1:15

మా తాత నుంచి వచ్చినవే సార్. బాపు, చిన్నాయన పంచుకున్నారు.

---

కోర్టు_మెట్లు | సోమవారం మధ్యాహ్నం 2:40

అయితే పూర్వీకుల ఆస్తి అని మీ అమ్మాయి రేపు అడిగితే అడ్డుపడలేరు. ఆడపిల్లకు పుట్టుకతో వాటా మన ఉమ్మడి రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతా 2005లో. తండ్రి బతికి ఉన్నాడా లేడా అనే మెలిక కూడా 2020లో సుప్రీంకోర్టు తీసేసింది. కాబట్టి ఆ నాలుగెకరాలను మీరొక్కరే సంతకం పెట్టి ట్రస్టుకు రాయలేరు. ఇల్లు, ప్లాటు మీ సంపాదన అయితే మీ ఇష్టం.

అబ్బాయి ఎన్ఆర్ఐ కదా. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ప్రకారం ఎన్ఆర్ఐ సాగుభూమి కొనకూడదు, గిఫ్టుగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావొచ్చు. ఈ విషయంలో విల్లు సాఫీ దారి.

---

నర్సంపేట_రైతు | సోమవారం సాయంత్రం 7:30

సార్, పొలం మాత్రం కదిలించకండి. పట్టా మీ పేరు మీద ఉంటేనే పాస్‌బుక్ మీది. ధరణి పోయి భూభారతి వచ్చినా లెక్క అదే. రైతుబీమా 59 ఏళ్ల దాకానే కాబట్టి మీకు ఎట్లాగూ లేదనుకోండి, పీఎం కిసాన్ కూడా మీలాంటి పెన్షన్ ఉన్నవాళ్లకు రాదు, సంస్థల పేరు మీద భూమికీ ఇవ్వరు. సాగు ఆదాయానికి పన్నే లేదు, దాన్ని ట్రస్టులో పెట్టి ఏం మిగుల్చుకుంటారు?

మా పెదనాయన కథ చెప్తా. ఊళ్లో ఎవరో చెప్పారని ఉన్న ఆరెకరాలూ బతికుండగానే కొడుక్కి గిఫ్టు రాసిండు. రెండేళ్లు బాగానే చూసుకున్నారు. తర్వాత వాకిట్లో మంచం వేశారు. డీడులో నన్ను చూసుకోవాలి అని ఒక్క లైను లేదు. పెద్దమనుషులు కూర్చుంటే రెండెకరాల కౌలు ఆయనకు ఇప్పించారు, అంతే.

---

కోర్టు_మెట్లు | సోమవారం రాత్రి 8:10

ఆ ఒక్క లైనే ముఖ్యం. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారనే షరతుతో ఇచ్చి, వాళ్లు చూడకపోతే గిఫ్టును రద్దు చేయించుకోవచ్చు. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు పోవాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ల వైపు ఉదారంగా చదవాలని చెప్పింది. అయినా షరతు డీడులోనే రాసుకోండి, వాదన తగ్గుతుంది.

---

పత్తి_వ్యాపారి | సోమవారం రాత్రి 9:55

ఎనుమాముల మార్కెట్లో ఇరవై ఏళ్లుగా ఉన్నా. నాకు పన్ను కన్నా బ్యాంకు టెన్షన్. రెండు సీజన్లు పత్తి దెబ్బ కొట్టింది. ఇల్లు ట్రస్టులో పెడితే అప్పులవాళ్లు ముట్టుకోలేరని విన్నా. నిజమేనా?

---

సుబేదారి_ఆడిటర్ | సోమవారం రాత్రి 10:20

బాకీలు నెత్తిమీద ఉన్నప్పుడు వాటిని ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేస్తే, అప్పిచ్చినవాళ్లు కోర్టులో దాన్ని కొట్టేయించవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ అదే చెప్తుంది. ఇల్లు బ్యాంకులో తాకట్టు ఉంటే ఇక మాటే లేదు. పదేళ్ల కిందట చేతిలో అప్పులేనప్పుడు చేసుంటే వినేవాళ్లు.

మీ లాంటి వ్యాపారులకు నేను చెప్పే చవక ట్రస్టు ఒకటుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద జీవిత బీమా. పాలసీ తీసుకునేటప్పుడే ఆ కాగితం నింపాలి, తర్వాత కుదరదు. ఆ సొమ్ము భార్యాపిల్లల కోసం ట్రస్టుగా నిలుస్తుంది, మీ అప్పులవాళ్ల చేతికి అందదు. మీరు కూడా మధ్యలో వెనక్కి తీసుకోలేరు. డీడు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఖర్చంతా ప్రీమియమే.

---

గోదావరిఖని_రిటైర్డ్ | మంగళవారం ఉదయం 7:05

సింగరేణిలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ని. మడికొండ ప్లాటు అమ్మేటప్పుడు వచ్చే పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు. ట్రస్టులో పెట్టి అమ్మితే తగ్గుతుందా మేడం? నాకూ మంచిర్యాలలో ఒకటుంది.

---

సుబేదారి_ఆడిటర్ | మంగళవారం ఉదయం 9:30

తగ్గదు. వెనక్కి తీసుకోలేని ట్రస్టుకు ఇస్తే ఆ రోజు పన్ను పడదు, నిజమే. కానీ మీరు కొన్న పాత ధరే ట్రస్టుతో పాటు పోతుంది. ఎవరు ఎప్పుడు అమ్మినా లాభం అక్కడి నుంచే లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కాబట్టి ఆ రోజు విలువను ఖరీదుగా తీసుకోవచ్చు. ఇప్పుడు దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలమైతే, దేశంలో నివసించే వ్యక్తులకు పాత పద్ధతిలో ద్రవ్యోల్బణం లెక్క వేసుకుని 20 శాతం కట్టే అవకాశం కూడా ఉంది. రెండూ వేసి చూసి ఏది తక్కువైతే అది కట్టండి. ఈ వెసులుబాటు చట్టంలో వ్యక్తులకు, ఉమ్మడి హిందూ కుటుంబాలకు అని రాశారు. ట్రస్టు పేరు మీదికి మార్చాక వాదించుకునే పరిస్థితి ఎందుకు?

అన్నట్టు ఏప్రిల్ 1, 2026 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. పాత నంబర్లతో ఎవరైనా కాగితం చూపిస్తే అది ఏ ఏడాదిదో అడగండి.

---

నయీంనగర్_లెక్చరర్ | మంగళవారం రాత్రి 11:40

అందరికీ ధన్యవాదాలు. ఒక విషయం మొదట రాయలేదు. రాయాలని కూర్చుని రెండుసార్లు తుడిపేశాను.

మాకు ఇంకో అబ్బాయి ఉన్నాడు. చిన్నవాడు, 31 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. తన పనులు కొన్ని చేసుకుంటాడు, డబ్బు లెక్క తెలియదు. ఎవరైనా నవ్వుతూ అడిగితే చేతికున్న వాచీ ఇచ్చేస్తాడు. మా ఆవిడకు షుగరు, నాకు 66. ఆ మీటింగుకు నేను పోయింది పన్ను కోసం కాదు. స్టేజీ మీద ఆయన ‘మీ తర్వాత మీ పిల్లల్ని చూసేది ట్రస్టే’ అన్నాడు. ఆ మాట పట్టుకుని వచ్చాను.

---

గోదావరిఖని_రిటైర్డ్ | బుధవారం ఉదయం 5:50

సార్, ఈ ముక్క మొదలే చెప్పి ఉంటే మేమందరం వేరే తీరు మాట్లాడేవాళ్లం. మా అన్న బిడ్డ కూడా ఇట్లాంటిదే. ఇప్పుడు ట్రస్టు ముచ్చట వినండి, మీకు అవసరమే.

---

సుబేదారి_ఆడిటర్ | బుధవారం ఉదయం 8:45

సార్, నిన్నటిదాకా నేను చెప్పింది మీ ఇద్దరు పిల్లల వరకే. చిన్నబాబు విషయంలో నా మాట మార్చుకుంటున్నాను.

మీ ఇల్లు విల్లులో నేరుగా ఆయన పేరు మీద రాస్తే రేపు ఎవరైనా సంతకం పెట్టించుకుంటారు. అక్క పేరు మీద రాసి తమ్ముణ్ని చూసుకోమంటే, ఆమె మంచిదే కావొచ్చు, కానీ ఆస్తి చట్టప్రకారం ఆమెది. ఆమె అప్పులు, ఆమె తదనంతరం ఆమె పిల్లలు, అన్నీ దాని మీదికే వస్తాయి. ట్రస్టు పని ఇక్కడ. ఆస్తి ట్రస్టీల చేతిలో, ఫలం ఆయనది. ఆయన తర్వాత మిగిలింది ఎవరికి పోవాలో కూడా ఇప్పుడే రాయొచ్చు.

పన్ను కూడా భయం లేదు. బతికున్నంతకాలం ఆదాయమంతా చిన్నబాబు ఒక్కడిదే అని స్పష్టంగా రాస్తే వాటా తేలినట్టే, ఆయన స్లాబే వర్తిస్తుంది. మడిగెల అద్దె 3,36,000 అంటే పన్ను లేని 4 లక్షల లోపే. విల్లులో రాసిన ట్రస్టుకు ఇంకో రక్షణ ఉంది. మీరు విల్లు ద్వారా పెట్టే ట్రస్టు అదొక్కటే అయితే, ట్రస్టీల ఇష్టానికి వదిలినా మామూలు స్లాబులే, గరిష్ఠ రేటు కాదు.

ఇప్పుడే ట్రస్టు చేసి అద్దె మాత్రం నేనే తీసుకుంటాను అని రాయించకండి. ఆదాయం మీద హక్కు మీ దగ్గరే ఉంచుకుంటే పన్నుకు అది మీ ఆదాయమే, రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ. ఇల్లు, అద్దె మీ ఇద్దరూ ఉన్నంతవరకు మీకే కావాలి కాబట్టి విల్లులోనే ట్రస్టు రాయండి.

---

కోర్టు_మెట్లు | బుధవారం మధ్యాహ్నం 1:30

మేడం చెప్పిన పన్ను లెక్క సరే, కానీ పూర్తిగా విల్లు మీద వదిలేయడం నాకు నచ్చదు. విల్లు మీరు పోయాకే మాట్లాడుతుంది. మీకే మంచం పట్టే పరిస్థితి వస్తే? అప్పుడు ట్రస్టు ఇంకా పుట్టదు. నా సలహా, ఇప్పుడే ఐదు లక్షల ఎఫ్‌డీతో చిన్నబాబు కోసం ఒక ట్రస్టు మొదలుపెట్టండి. స్థిరాస్తి లేదు కాబట్టి ఖర్చు తక్కువ. పాన్, బ్యాంకు ఖాతా తీయండి. ట్రస్టీలు ఎట్లా పనిచేస్తారో మీ కళ్లతో చూడండి. విల్లులో ఇల్లు ఆ ట్రస్టుకే చేరాలని రాయండి.

ట్రస్టీలు ముగ్గురుండాలి. అక్క ఒక్కతే వద్దు, అమెరికా అన్న ఒక్కడే అసలే వద్దు. ఖాళీ అయితే కొత్తవాళ్లను ఎవరు నియమిస్తారో డీడులోనే ఉండాలి. ఇది లేక ఆగిపోయిన ట్రస్టులు చూశాను.

---

సుబేదారి_ఆడిటర్ | బుధవారం సాయంత్రం 4:10

ఒప్పుకుంటాను, కానీ ఐదు లక్షల ట్రస్టుకు ఏటా రిటర్ను, లెక్కలు, నాలాంటివాళ్ల ఫీజు. వడ్డీలో ఎంత మిగులుతుందో కూడా చూడండి. ఈ ఒక్క విషయంలో వకీలు గారితో నాకు కుదరదు. సార్ ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవాలి.

ట్రస్టు ఆస్తిని చూస్తుంది, మనిషిని కాదు. చిన్నబాబుకు 18 దాటాయి కాబట్టి చట్టం దృష్టిలో మీరు కూడా ఆయన సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం (బుద్ధిమాంద్యం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం తెచ్చింది) కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టి గార్డియన్‌షిప్ తీసుకోండి. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది. ఇంకొకటి, మీది ప్రభుత్వ పెన్షన్ కదా, వైకల్యం ఉన్న కొడుక్కి మీ ఇద్దరి తర్వాత ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. పెన్షన్ కాగితాల్లో ఆయన పేరు, మెడికల్ సర్టిఫికెట్ ఎక్కించారా? నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇది మర్చిపోతారు, ట్రస్టు కోసం మాత్రం లక్షలు పెడతారు.

---

పత్తి_వ్యాపారి | బుధవారం రాత్రి 9:00

సార్, మొదట కళ్లు మూసుకుని పెట్టమన్నా. ఏమనుకోకండి.

---

నిర్వాహకుడు | గురువారం ఉదయం 10:00

ఇద్దరు సభ్యులు తమ ఆఫీసు ఫోన్ నంబర్లు పెట్టారు, తీసేశాం. సలహా చెప్పండి, గిరాకీ వెతుక్కోకండి.

---

నయీంనగర్_లెక్చరర్ | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:25

అడిగినవాళ్లందరికీ ఒకేసారి చెప్తున్నాను.

హోటల్ మీటింగువాళ్లకు వద్దని చెప్పాను. ఫీజు 80 వేలకు దిగారు, తర్వాత ఫోన్ ఆపేశారు.

అమ్మాయి వచ్చింది, అబ్బాయి వీడియోలో కూర్చున్నాడు. మడికొండ ప్లాటు వాళ్లిద్దరికీ విల్లులో సగం సగం. పొలం మాట మాత్రం తేలలేదు. అమ్మాయి వాటా అడగనంటోంది, వకీలు మాత్రం అడగనని నోటితో చెప్తే సరిపోదు అంటున్నాడు. అది పక్కన పెట్టాం. ఇల్లు, మడిగెలు చిన్నవాడి కోసం, విల్లులోనే ట్రస్టు. ఐదు లక్షల ట్రస్టు ఇప్పుడే వద్దనుకున్నాం, మేడం లెక్క మా ఆవిడకు నచ్చింది. ట్రస్టీలుగా అమ్మాయి, మా తమ్ముడి కొడుకు ఒప్పుకున్నారు. మూడోవాడు దొరకలేదు. నా శిష్యుడు ఒకడు బ్యాంకులో ఉన్నాడు, అడగాలంటే మొహమాటంగా ఉంది.

పెన్షన్ కాగితాలు తీసి చూస్తే చిన్నవాడి పేరే లేదు. పదహారేళ్ల సర్వీసు పుస్తకం నేనే నింపుకున్నాను, నేనే రాయలేదు. ఎందుకు రాయలేదో మా ఆవిడ అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

---

గోదావరిఖని_రిటైర్డ్ | శనివారం రాత్రి 9:10

శిష్యుణ్ని అడగండి సార్. కాదంటే కాదంటాడు. కలెక్టరేట్ కమిటీకి దరఖాస్తు పెట్టారా?

---

నయీంనగర్_లెక్చరర్ | శనివారం రాత్రి 9:22

పెట్టాం. వాడు కొత్త చొక్కా వేసుకుని ఫోటో దిగాడు, నాలుగు కాపీలు. గురువారం రమ్మన్నారు. వాడి వైకల్యం సర్టిఫికెట్ పాతది, కొత్తది కావాలంటే సోమవారం ఎంజీఎం ఆసుపత్రికి పోవాలి. మీ అన్న బిడ్డకు సదరం సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో వచ్చింది?